బోర్డు లేని ఆట

ఎనభైల నడుమ గుంటూరులో మేము అద్దెకున్న రెండు గదుల ఇంట్లో, మంచం కింద ఆరు అట్టపెట్టెలుండేవి. ఆరింటిలోనూ ఆటలే. పిల్లలవి అనుకునేరు, మాకు పిల్లల్లేరు. అవన్నీ ముప్ఫై అయిదేళ్ల ఇంగ్లీషు మాస్టారు ఒకడు తన కోసం కొనుక్కున్నవి. ఆ మాస్టార్ని నేనే. కొందరికి తాగుడు, కొందరికి పేక. నాకు బోర్డు మీద పావులు కదిపే ఆట ఎక్కడ కనిపించినా కొనే జబ్బు. జబ్బని ఎందుకంటున్నానంటే, కొన్నవి ఆడటానికి నాకు మనుషుల్లేరు.

ఉన్నది ఇద్దరు, మా నాన్నా మా ఆవిడా. నాన్న పల్లెల్లోని క్రైస్తవ సంఘాల్లో ముప్ఫై ఏళ్లు ఉపదేశిగా తిరిగి, మోకాళ్లు అరిగిపోయాక మా దగ్గరికి వచ్చేశాడు. ఆయన లెక్కలో ఆటలు రెండు రకాలు: చిన్నపిల్లలవీ, సాతానువీ. ఇక మా ఆవిడ వారంలో ఆరు రోజులు ఇంట్లో ఉండేదే కాదు. ఆమెది సర్కారు బడి, పిడుగురాళ్ల అవతల సున్నపు బట్టీల పక్కనున్న ఊరు. నాది ఎయిడెడ్ స్కూలు, బదిలీలు లేని ఉద్యోగం. ఇద్దరూ ఒకచోట ఉండాలంటే కదలాల్సింది ఆమే. అంతవరకూ అక్కడే ఒక గది తీసుకుని ఉండేది. శనివారం సాయంత్రానికి వచ్చేది, సోమవారం తెల్లారకుండానే తొలి బస్సుకి వెళ్లిపోయేది. నేను నిద్ర లేచేసరికి ఆమె పక్కబట్ట మడతపెట్టి ఉండేది.

మాచర్ల నుంచి వచ్చే బస్సు పిడుగురాళ్లకే నిండిపోయి వస్తుంది. సత్తెనపల్లి దాకా నిలబడాల్సిందే. ఇంటికి వచ్చేసరికి ఆమె కనుబొమల మీద, చెవుల వెనక, జడ పాయల్లో సున్నప్పొడి ఉండేది. మిరపకాయల రోజుల్లో అయితే దానికి తోడు దగ్గు. కాళ్లు కడుక్కుని వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేది. ఆ కూర్చోవడం అయిదు నిమిషాలే. తర్వాత లేచి వారం రోజుల మాసిన బట్టలు నానబెట్టాలి, నాన్నకి కషాయం కాచాలి, ఆదివారం ఆరాధనకి ముగ్గురి బట్టలూ ఇస్త్రీ చెయ్యాలి. సరిగ్గా ఆ అయిదు నిమిషాల్లోనే నేను మంచం కింద నుంచి పెట్టె లాగేవాణ్ణి.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం గొప్ప పని చేస్తున్నాననుకునేవాణ్ణి. వారానికి ఒక్కరోజు దొరికే మనిషితో ఏం మాట్లాడతాం? ఆమె బడి కష్టాలు నాకు తెలియనివి కావు, నా బడి కష్టాలు ఆమెకి పనికొచ్చేవి కావు. ఇద్దరి మధ్యా ఒక బోర్డు పరిస్తే మాటలు వాటంతటవే వస్తాయనుకున్నాను. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు కదా, ఆ కాకిని నేనే.

ఆ ఏడాది కొన్నవాటిలో మొదటిది ఊళ్లు కొని ఇళ్లు కట్టే వ్యాపారం ఆట. నేను బొంబాయి, కలకత్తా కొనేసి మీసం దువ్వుతుంటే ఆమె బోర్డంతా వెతికి, "ఏవండీ, అవన్నీ మీరే ఉంచుకోండి. నాకు గుంటూరొస్తే చాలు," అంది. ఆ బోర్డు మీద గుంటూరు లేదు. అది చెప్పాక ఆమె ఆడలేదు.

తర్వాత ఇంగ్లీషు అక్షరాల పలకలు పేర్చి మాటలు కట్టే ఆట తెచ్చాను. మూడో వంతుకే ఆమె కూర్చున్నచోటే నిద్రపోయింది. లేచేసరికి చెంప మీద పలక అచ్చు పడి ఉంది. వైకుంఠపాళి తెస్తే నాన్న మూడు రోజులు దాన్ని ముట్టుకోనివ్వలేదు. నాలుగో రోజు పై వరస మీద తెల్లకాగితం అంటించి, గుండ్రటి అక్షరాలతో 'పరలోకం' అని రాశాడు. ప్రతి పాము తలమీదా ఒక పాపం పేరు అంటించాడు. పాచికలు వద్దని, చింతగింజలు దేవుడు చేసినవి గనక వాటితో ఆడొచ్చన్నాడు. ఆమె పై వరసకి ఒక్క గడి దూరం దాకా ఎక్కి, పెద్ద పాము నోట్లో పడి కింద గడికి జారింది. "ఇదేదో నా సోమవారంలా ఉందండీ," అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆట నచ్చిందనుకున్నాను నేను. అంతటి తెలివి నాది.

ఇంతకీ చెప్పాల్సింది ఆరో పెట్టె గురించి.

ఆ ఏడు వేసవికి ముందు బదిలీల జాబితా తయారవుతోందని తెలిసింది. భార్యాభర్తలను ఒకేచోట వేయమని కోరుతూ ఆమె దరఖాస్తు రాసింది. కొట్టివేతలు ఉండకూడదని మూడుసార్లు తిరగ రాసింది. ఫుల్‌స్కేప్ కాగితం ఒక పక్కంతా ఆమె ముత్యాల్లాంటి అక్షరాలు, చివర సంతకం. "సెలవు పెట్టి వద్దామంటే మా హెడ్మాస్టరు ఇవ్వట్లేదు. మీరు విద్యాశాఖ ఆఫీసుకెళ్లి ఆఫీసరుగారి చేతికే ఇవ్వండి. ఇదొక్కటీ చేసి పెట్టండి," అంది. మా పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆమె నన్ను నోరు తెరిచి అడిగిన పని అదే అనుకుంటాను.

ఒంటిపూట సెలవు పెట్టి వెళ్లాను. గుమాస్తా మంచివాడు. "ఆఫీసరుగారు భోజనానికెళ్లారు మాస్టారూ. మూడింటికి వస్తారు, నాలుక్కల్లా క్యాంపుకెళ్లిపోతారు. ఇవాళ సంతకం పడినయ్యే జాబితాలోకెక్కుతయ్. ఈ బల్ల మీదే కూర్చోండి, ఎక్కడికీ పోమాకండి," అన్నాడు. ఒంటిగంటన్నర అయింది. అరగంట కూర్చున్నాను. మిరప ఘాటు ఊరంతా పట్టి ఉన్న రోజులు, గొంతు మండుతోంది. సోడా తాగి వద్దామని లేచాను.

సోడా బండి మిషన్ బంగళా గేటు ముందుంది. బంగళాలో ఉండే విదేశీ కుటుంబం దేశం వదిలి వెళ్లిపోతూ వరండాలో సామాన్లు అమ్ముతోంది. కుక్కర్లు, దోమతెరలు, గొడుగులు. వాటి మధ్య ఒక రంగుల పెట్టె. మూత మీద నిప్పులు కక్కే రెక్కల పాము, దాని ముందు కత్తి పట్టిన మనిషి. లోపల రెండు ఇంగ్లీషు పుస్తకాలు, ఒక చిన్న సంచీ. సంచీలో నేనెప్పుడూ చూడని పాచికలు. నాలుగు పక్కలవి, ఎనిమిది పక్కలవి, ఒకదానికైతే ఇరవై పక్కలు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చెప్తే నవ్వుతారు. కొనేశాను.

కొన్నాక చూస్తే అందులో బోర్డు లేదు. పావులూ లేవు. డబ్బు పూర్తిగా పోసి సగం ఆటే కొన్నాననుకున్నాను. మిగతా సగం ఎక్కడో సామాన్లలో కలిసిపోయి ఉంటుందని వరండా అంతా వెతికాను. దోమతెరలు దులిపాను, పాత పత్రికల కట్టలు విప్పాను. అక్కడి వంటాయన్ని అడిగాను. "ఆ ఆట దొరగారి పిల్లలు ఆడేవాళ్లండీ. బల్ల చుట్టూ కూర్చుని చేతులూపుకుంటా కబుర్లు చెప్పుకునేవాళ్లు. బోర్డయితే నేనెప్పుడూ చూళ్లా," అన్నాడు. వీడికేం తెలుసు అనుకుని వెనక గదిలో కూడా వెతికించాను.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ఆఫీసరుగారి జీపు లేదు. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. గుమాస్తా నా చేతిలో పెట్టెకేసి చూసి, తల పక్కకి తిప్పుకుని, "పోమాకండని చెప్పా కదా మాస్టారూ. ఇక్కడ కూర్చున్నోళ్లవన్నీ అయిపోయినయ్. ఇహ వచ్చే ఏడే. అప్పటికి కొత్త తేదీతో మళ్లీ రాసుకురండి," అన్నాడు.

దరఖాస్తు చింపడానికి చేతులు రాలేదు. ఇంట్లో ఎక్కడ పెట్టినా ఆమె కంట పడుతుంది. పెట్టెలో పుస్తకాల అడుగున పెట్టాను. శనివారం ఆమె గుమ్మంలోనే అడిగింది, "ఇచ్చారా?" అని. "ఇచ్చా," అన్నాను. "ఏమన్నారు?" "చూద్దామన్నారు." సున్నం పట్టిన ఆ మొహంలో ఎంత వెలుగు వచ్చిందో నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. ఆ రాత్రి ఆమె గుంటూరు బడుల పేర్లు చెప్పుకుంటూ పడుకుంది.

ఆ పుస్తకాలు చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది. చదివాక తెలిసింది, వంటాయన చెప్పిందే నిజం. ఆ ఆటకి బోర్డు లేదు. అసలుండదు. ఒకడు కథ చెప్తాడు, మిగతావాళ్లు కథలో మనుషులు. మీ ముందు ఇదుంది, ఏం చేస్తారు అని అతను అడగాలి, వాళ్లు చెప్పాలి. అంతే. లేని బోర్డు కోసం నేను రెండు గంటలు వెతికాను. ఆ రెండు గంటల్లో మా ఆవిడ బదిలీ పోయింది. ఇది ఎవరికీ చెప్పుకోలేని సంగతి కాబట్టి, దానికి ప్రాయశ్చిత్తంలాగా ఆ ఆట ఎలాగైనా ఆడించాలన్న పట్టుదల నాలో పెరిగింది. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికెవడో.

ఈస్టరు వెళ్లాక ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆరాధన నుంచి వచ్చి భోజనాలయ్యాక, చాప పరిచి పెట్టె తీశాను. నాన్న మూత చూడగానే, "ఒరేయ్, ఇది ఘటసర్పం!" అన్నాడు. నిప్పులు కక్కే ఆ జంతువుకి మా వాక్యంలో, అంటే బైబిల్లో, ఉన్న మాట అదే. "చివరికి ఓడిపోయేది అదేగా నాన్నా," అన్నాను. కొంచెం మెత్తబడ్డాడు. ఆటలో మనుషులు దిగే చోటుకి ఇంగ్లీషులో ఉన్న మాటని నేను 'చెరసాల' అని చెప్పాను. నిఘంటువులో అలాగే ఉంది. నిజానికి పుస్తకంలో వీరులు నిధి కోసం బయటి నుంచి లోపలికి వెళ్తారు. మా ఇంట్లో చెరసాల అన్నాక అన్యాయంగా బంధించిన భక్తులు లోపలే ఉంటారు, బయటికి రావాలి. నాన్నకి ఇంకోరకంగా అర్థం కాదు. నేనూ అలాగే నడిపించాను.

పాచికలు తీసేసరికి మళ్లీ అడ్డం పడ్డాడు. "ప్రభువు బట్టల కోసం సిలువ కింద సైనికులు పాచికలు వేసిన పని మనింట్లో వద్దు."

"నంబరు పడకపోతే ఆట నడవదు నాన్నా. చింతగింజలతో ఇరవై రాదు."

కాసేపు ఆలోచించాడు. "చీట్లు వెయ్యండి. చీట్లు వెయ్యడం అపొస్తలులు కూడా చేశారు. నేను రాస్తా, నువ్వు కోడలికి ఆట చెప్పు," అని కత్తెరా పెన్నూ పట్టుకుని పెట్టె ముందుకి లాక్కున్నాడు. నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఆటలో ఆమె ఎవరో తేల్చాలి. మంత్రగాడు, దొంగ అనే పాత్రల్ని నాన్న మొదటే కొట్టేశాడు. బోధకుడి పాత్ర ఆయనే తీసుకున్నాడు. మిగిలింది కత్తి పట్టిన యోధుడు. "నాకు కత్తెందుకండీ, బెత్తమే ఎత్తలేకపోతున్నా," అంది ఆమె. అయినా నా మొహం చూసి ఒప్పుకుంది.

నాన్న ఇరవై చీట్లు మడిచి స్టీలు గ్లాసులో పోశాడు. ఆట మొదలైంది. రాతి గది, తలుపుకి గొలుసులు, బయట కాపలా. "ఏం చేస్తావు నాన్నా?" అన్నాను. ఆయన కీర్తన అందుకున్నాడు. నాలుగు చరణాలూ పాడాకే చీటీ తీశాడు, కళ్లజోడు లేక దూరంగా పట్టుకుని చదివాడు. పద్దెనిమిది. పెద్ద అంకె పడితే అనుకున్నది జరుగుతుంది, పద్దెనిమిదికి తలుపు తెరుచుకోవాల్సిందే. "గొలుసులు ఊడిపడ్డాయి. తలుపు తెరుచుకుంది. కాపలావాళ్లు నిద్రపోతున్నారు," అన్నాను ఉత్సాహంగా. "ఇప్పుడు నీ వంతు. చీటీ తియ్యి."

ఆమె చీటీ తీసి విప్పింది. తొమ్మిది అంది. మళ్లీ మడవబోతూ ఆగింది. వెనక్కి తిప్పి చూసింది.

అప్పుడు నాకు కనిపించింది. చీటీ వెనక ఆమె అక్షరాలు. 'ఒకే చోట' అన్న రెండు మాటలు, సగానికి తెగిన మూడో మాట. నాన్న పెట్టె అడుగున ఒక పక్క ఖాళీగా ఉన్న కాగితం చూసి, పారేసేదే అనుకుని కత్తిరించాడు.

ఆమె గ్లాసు చాప మీద కుమ్మరించి, చీట్లు ఒక్కొక్కటే విప్పి, రాత పైకి వచ్చేలా పేర్చడం మొదలుపెట్టింది. ఏ తొందరా లేదు. బడిలో పిల్లల పలకలు సర్దే చేతులవి. "అమ్మాయ్, అన్నీ ఒకేసారి తియ్యకూడదమ్మా, ఒక్కటే తియ్యాలి," అన్నాడు నాన్న. "తెలుసు మావయ్యగారూ," అంది ఆమె. పేర్చడం ఆపలేదు. కాగితం మొత్తం తయారైంది. చివర సంతకం ముక్క పెట్టింది.

"ఇవ్వలేదు," అన్నాను. "ఆలస్యమైంది. ఈ పెట్టె దగ్గర ఆగిపోయాను."

ఆమె తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే ఉన్నాను.

"తలుపు తీసుందన్నారుగా?" అంది.

"ఊఁ."

"నన్ను ఏం చేస్తావని అడగండి."

అడగలేకపోయాను. ఆమే చెప్పింది. "నేను బయటికి రాను. ఆ గదిలోనే గోడకి ఆనుకుని కూర్చుంటా. ఎవరూ లేపకుండా ఉంటే చాలు. మీరిద్దరూ వెళ్లండి." ఆ మాట అని నిజంగానే వెనక గోడకి తల ఆన్చి కళ్లు మూసుకుంది. ఆ కళ్ల కింద నలుపు ఎప్పటి నుంచి ఉందో నాకు తెలియదు. ఎనిమిదేళ్లుగా ఆమె ఏం కోరుకుంటోందో నేను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న మీద నడిచే ఆట కొని తెచ్చాను, దాన్ని కూడా సరిగ్గా అడగలేకపోయాను.

మర్నాడు తొలి బస్సుకి వెళ్లిపోయింది. శుక్రవారం కార్డు వచ్చింది. 'ఈ వారం రావడం లేదు. ఒంట్లో బాగానే ఉంది. మావయ్యగారి మాత్రలు అలమర పై అరలో ఉన్నాయి.' నాన్న ఆ కార్డు రెండుసార్లు చదివించుకుని, "ఏం చేశావురా?" అన్నాడు. మొత్తం చెప్పాను. ఆయన తన చేతులకేసి చూసుకుని, "ఆ బిడ్డ కాగితం నా చేత్తో కత్తిరించానా?" అన్నాడు. తర్వాత తన ప్రసంగాల కట్టలోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు.

తేదీకి చోటు వదిలి, శనివారం పొద్దున ఆ దరఖాస్తు నేనే రాశాను. నా రాత ఆమె రాత ముందు కోడి గెలికినట్టుంది. బస్సెక్కాను. ఆమె అక్కడ చేరిన మూడేళ్లలో ఆ దారిన వెళ్లడం నాకది రెండోసారి. మొదటిసారి ఆమె ట్రంకుపెట్టె దింపి వచ్చాను. ఎండ, వడగాలి, పత్తి కట్టె పీకేసిన చేలు. పిడుగురాళ్ల చేరేసరికి పళ్ల మధ్య సున్నం కరకరలాడింది. అక్కణ్ణుంచి నడక. ఇంత కష్టపడి వచ్చానన్న గర్వం, నిజం చెప్పొద్దూ, ఆ నడకలో కొంచెం ఉంది.

ఆమె గది తలుపు తీసే ఉంది. లోపల గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. "ముంతలో నీళ్లున్నాయి, తాగండి," అంది.

తాగి, కొంచెం దూరంగా కూర్చున్నాను. "బస్సులో ఒళ్లు హూనమైపోయింది," అన్నాను.

"నిలబడ్డారా?"

"లేదు, గుంటూరులోనే సీటు దొరికింది."

"దొరుకుద్ది," అంది. నా గర్వం అక్కడికక్కడే దిగిపోయింది.

బట్టీల వైపు నుంచి పొగ వస్తోంది. నేను లేవలేదు, ఆమెని లేపలేదు. ఎండ గుమ్మం దాటి వెళ్లాక ఆమె చెయ్యి చాపింది. దరఖాస్తు ఇచ్చాను. మొదటి నుంచి చివరి దాకా చదివి, ఒక చోట పోయిన దీర్ఘం పెట్టి, సంతకం చేసింది. మడిచి నా జేబులో తనే పెట్టింది.

"జాబితా మొదలెట్టిన రోజే వెళ్లండి," అంది. "దార్లో ఎక్కడా ఆగమాకండి."

ఆగలేదు. ఆ కాగితం మరుసటేడు జాబితాలోకి ఎక్కింది, బదిలీ ఆ వేసవిలో వచ్చింది. మధ్యలో ఆ ఏడాది పొడుగునా సోమవారాలు నేనూ లేచి, సంచీ పట్టుకుని ఆమెతో బస్టాండు దాకా నడిచేవాణ్ణి. బస్సు వెళ్లాక వెనక్కి నడుస్తూ ప్రతిసారీ అనుకునేవాణ్ణి, ఆ పెట్టె వెల నేను బంగళా వరండాలో కట్టాననుకున్నాను, ఇంకా ఈమే కడుతోందని.